సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు: 1994 మారుతి 800కి ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారి 1994 మారుతి 800 తెనాలిలో ఇంటి పక్క రేకుల షెడ్డు కింద నాలుగు నెలలు కదలకుండా ఉండిపోయింది. వానలు తగ్గాక తీద్దామంటే సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవట్లేదు. ఒక మెకానిక్ కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపేది) పోయిందన్నాడు, ఇంకొకాయన కాయిల్ (స్పార్క్ కోసం వోల్టేజీ పెంచేది) అన్నాడు. రెండిట్లో ముందు ఏది మార్చాలి?

ఏదీ మార్చకండి. కనీసం ఈ ఆదివారం దాకా ఆగండి. వాళ్లిద్దరూ అబద్ధం చెప్పారని కాదు. బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి చెప్పిన మాటలవి, అంతే. మీ దగ్గర ఒక మల్టీమీటరు, ఒక టెస్ట్ లాంపు, ప్లగ్ స్పానరు ఉంటే ఒక్క పూటలో సంగతి తేలిపోతుంది. టెస్ట్ లాంపంటే భయపడక్కర్లేదు, 12 వోల్టుల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికిస్తే అదే టెస్ట్ లాంపు.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఆటో ఎలక్ట్రికల్ పని చేశాను. రోజూ తిరిగే బండి ఉన్నట్టుండి ఆగితే సాధారణంగా ఒకటే కారణం ఉంటుంది. వైరు తెగుతుంది, ఫ్యూజు పోతుంది, బెల్టు తెగుతుంది. నెలల తరబడి నిలబెట్టిన బండి అలా కాదు. దానికి రెండు మూడు అరకొర లోపాలు ఒకేసారి పోగవుతాయి. బ్యాటరీ కొంచెం దిగిపోతుంది, డెల్కో (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) క్యాప్‌లో కొంచెం చెమ్మ చేరుతుంది, పెట్రోలు కొంచెం చప్పబడుతుంది. విడివిడిగా ఏ ఒక్కటీ బండిని ఆపేంత పెద్దది కాదు. మూడూ కలిస్తే మాత్రం బండి కదలదు. అందుకే ఇలాంటి బండికి ఒక పార్టు మార్చి చూసి, అవ్వకపోతే ఇంకోటి మార్చే పద్ధతి పనికిరాదు. ‘స్పార్క్ వస్తోందా, పెట్రోలు వస్తోందా’ అని అడిగితే చాలదు, ‘సరిపడా వస్తోందా’ అని అడగాలి.

మొదలుపెట్టే ముందు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగండి. భుజం మీద తువ్వాలు ఉంటే తీసి లోపల పెట్టండి. ఫ్యాన్ బెల్టులో తువ్వాలు చిక్కుకున్న మనిషిని ఒకసారి చూశాను, రెండోసారి చూడాలని లేదు. సెల్ఫ్ ఒక్కో విడతకి పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో ఓ నిమిషం ఆగండి. స్పార్క్ పరీక్షలన్నీ అయ్యాకే పెట్రోలు పైపు జోలికి వెళ్లండి. ఆ వరస తిరగేయకండి.

బ్యాటరీతో మొదలుపెట్టండి. ‘సెల్ఫ్ తిరుగుతోందిగా, బ్యాటరీ బాగానే ఉంది’ అన్న మాట నేను వేలసార్లు విన్నాను. అందులో సగంసార్లు అది తప్పు. సెల్ఫ్ మోటరు మొండిది, తొమ్మిది వోల్టులున్నా ఈడ్చుకుంటూ తిరుగుతుంది. కాయిల్ అలా కాదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీలో మిగిలిన వోల్టేజీయే దానికి దిక్కు. అది తగ్గితే స్పార్క్ పలచబడుతుంది. బయట గాలిలో చిటుక్కుమన్నా, సిలిండర్ లోపల ఒత్తిడిలో ఉన్న మిశ్రమం మధ్య దూకలేదు. కాబట్టి మీటరు బ్యాటరీ రెండు కొమ్ముల మీద పెట్టండి. బండి కదపకముందు 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. తర్వాత ఒకళ్లని సెల్ఫ్ కొట్టమని మీరు మీటరు చూడండి. పది కన్నా కిందికి జారితే బ్యాటరీని బయట ఛార్జింగ్ పెట్టించి అప్పుడు ముందుకెళ్లండి. పైన నీళ్లు పోసే మూతలున్న పాత రకమైతే డిస్టిల్డ్ వాటర్ ఎంతుందో చూడండి. నాలుగు నెలల్లో ప్లేట్లు బయటపడి ఉంటే ఆశ్చర్యం లేదు.

బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ బద్ధకంగా తిరిగితే ఎర్త్ చూడాలి. మీటరు ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ కొమ్ముకి, రెండోది ఇంజన్ ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే కరెంటు దారిలో ఎక్కడో తుప్పుంది. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వేడినీళ్లు పోసి కడగండి. ఎర్త్ కేబుల్ బాడీకి బిగించిన చోట బోల్టు విప్పి, కింద ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ బిగించండి. ఈ పనికి ఖర్చు లేదు కాబట్టి ఎవరూ చెయ్యరు.

ఇంకో చిన్న ఉపాయం. నలుగురు మనుషులుంటే బండిని తోయించి రెండో గేరులో క్లచ్ వదలండి. అలా అందుకుందంటే కార్బొరేటరూ కాయిలూ రెండూ నిర్దోషులే, తంటా అంతా బ్యాటరీ, సెల్ఫ్ వైపే ఉంది. అందుకోకపోతే మాత్రం ఏమీ తేలనట్టే లెక్క. తోసిన వాళ్లకి టీ ఇప్పించి ముందుకెళ్లండి.

ఇప్పుడు చెవికి పని చెప్పండి. మంచి ఇంజన్‌ని సెల్ఫ్ తిప్పుతుంటే ‘రుర్ర్, రుర్ర్, రుర్ర్’ అని ఒక లయ వస్తుంది. ఒక్కో పిస్టన్ గాలిని నొక్కేటప్పుడు మోటరు కాస్త బరువెక్కుతుంది, ఆ లయ అదే. అది లేకుండా కుట్టుమిషను లాగా తేలిగ్గా, ఒకే స్వరంతో, మామూలు కన్నా వేగంగా తిరుగుతుంటే టైమింగ్ బెల్టు తెగిందేమో అనుమానించాలి. ఈ బండికి అది తేల్చుకోవడం సులువు. టైమింగ్ బెల్టు క్యామ్ షాఫ్టుని తిప్పుతుంది, డెల్కోని తిప్పేది ఆ క్యామ్ షాఫ్టే. క్యాప్ విప్పి, దాని కింద తిరిగే ముక్క, అంటే రోటర్, చూస్తూ సెల్ఫ్ కొట్టించండి. ఇంజన్ తిరుగుతున్నా రోటర్ కదలకపోతే బెల్టు పోయినట్టే. అక్కడితో ఆపేయండి, ఇంకొక్కసారి కూడా సెల్ఫ్ కొట్టకండి. రోటర్ తిరుగుతుంటే హాయిగా ఊపిరి పీల్చుకోండి, ఎందుకంటే మిగిలిన వ్యవహారమంతా చిల్లరతో పోతుంది.

క్యాప్ ఎటూ చేతిలోకి వచ్చింది కాబట్టి దాన్ని వదలకండి. మీది వానల తర్వాత వచ్చిన కేసు. నన్నడిగితే పందెం ఇక్కడే కాస్తాను. క్యాప్ లోపలి వైపు వెలుతురుకి తిప్పి చూడండి. సన్నటి నీటి ఆవిరి ఉందా? ఒక కొన నుంచి ఇంకో కొనకి పెన్సిలుతో గీసినట్టు నల్లటి గీత ఉందా? ఆవిరైతే పొడిబట్టతో తుడిచి, గంటసేపు ఎండలో పెట్టండి. ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుంటే ఇంకా మంచిది. నల్ల గీత ఉంటే తుడిచి లాభం లేదు, అది కరెంటు వేసుకున్న దొడ్డిదారి, మళ్లీ అదే దారిలో పోతుంది. అలాంటి క్యాప్ మార్చాల్సిందే. నడిమధ్యన ఉండే బొగ్గు ముక్క స్ప్రింగు మీద లోపలికి, బయటికి ఆడాలి. అది అరిగి పడిపోయిన క్యాప్‌లు చాలా చూశాను.

ప్లగ్ వైర్లు పీకే ముందు ఫోన్లో ఒక ఫోటో తీసుకోండి. మూడే కదా, గుర్తుంటాయిలే అనుకుంటారు. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లకి స్పార్క్ అందే వరస, 1-3-2. ముందొచ్చిన మెకానిక్కుల్లో ఎవరైనా వైర్లు తారుమారు చేసి పెట్టి ఉంటే మీరు ఎన్ని పరీక్షలు చేసినా కార్బొరేటర్‌లోంచి దగ్గుతుందే తప్ప అందుకోదు. ఆ అనుమానం కూడా ఒకసారి తీర్చుకోండి. రాత్రి పూట లైట్లన్నీ ఆర్పి, బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టిస్తే ఇంకో సంగతి కనబడుతుంది. వైర్ల మీద, క్యాప్ చుట్టూ సన్నగా నీలం మిణుగురులు ఆడుతుంటే కరెంటు ప్లగ్గు దాకా చేరకుండా దారిలోనే కారిపోతోందని అర్థం.

తర్వాత స్పార్క్ బలం. ఒక ప్లగ్గు విప్పి, దాని వైరులోనే గుచ్చి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఇనుముకి గట్టిగా ఆనించండి. చేత్తో కాదు, రబ్బరు పిడి ఉన్న పటకారుతో. గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్న వాళ్లు ఈ పని దగ్గరికే రాకూడదు. విప్పిన రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, ప్లగ్గుని దానికి దూరంగా పెట్టండి. సెల్ఫ్ కొట్టినప్పుడు పట్టపగలు కూడా కనబడే నీలం స్పార్క్, చిటచిటమనే శబ్దంతో రావాలి. నారింజ రంగులో, దారప్పోగులా సన్నగా, శబ్దం లేకుండా వస్తే దాన్ని స్పార్క్ కింద లెక్కెయ్యకండి. చాలామంది ఇక్కడే ‘స్పార్క్ ఉంది’ అని తేల్చేసి కార్బొరేటర్ మీద పడతారు.

విప్పిన ప్లగ్గు ఇంకో సాక్ష్యం కూడా చెబుతుంది. కొన పొడిగా ఉంటే పెట్రోలు సిలిండర్ దాకా రావట్లేదు. తడిసి పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ దాన్ని అంటించలేకపోతోంది, లేదా చోక్ లాగి లాగి ముంచేశారు. తడిసినవాటిని తుడిచి ఎండబెట్టండి, గ్యాప్ 0.7, 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో చూడండి. ముంచేసిన ఇంజన్‌కి చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ నేలదాకా తొక్కి పట్టుకుని ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. మాటిమాటికీ తొక్కి వదలకూడదు. తొక్కి వదిలిన ప్రతిసారీ ఇంకో గుక్క పెట్రోలు పోసినట్టే.

స్పార్క్ అసలు లేకపోతే టెస్ట్ లాంపు తియ్యండి. ఒక వైరు ఎర్త్‌కి, రెండోది కాయిల్ పాజిటివ్‌కి. తాళం ఆన్ చేస్తే వెలగాలి. వెలగకపోతే కాయిల్‌ని తిట్టకండి, దానికి అన్నమే పెట్టట్లేదు. ఫ్యూజు, తాళం స్విచ్, లేదా ఎలుకలు కొరికిన వైరు. షెడ్డులో నాలుగు నెలలున్న బండి అన్నారు కాబట్టి ఎలుకల సంగతి నిజంగానే చూడండి. బ్యాటరీ కింద, ఎయిర్ క్లీనర్ లోపల పీచు, గింజల పొట్టు కనబడితే వైర్లన్నీ వేలితో తడుముకుంటూ వెళ్లాల్సిందే. ఇప్పుడు లాంపుని కాయిల్ నెగెటివ్‌కి మార్చి సెల్ఫ్ కొట్టించండి. మినుకు మినుకుమంటే పాయింట్లు (డెల్కో లోపల కాయిల్ కరెంటుని కలిపి తెంపే చిన్న స్విచ్) తమ పని చేస్తున్నాయి, కాబట్టి అనుమానం కాయిల్ మీద, దాని నుంచి క్యాప్‌కి వెళ్లే లావు వైరు మీద. ఆగకుండా వెలుగుతూ ఉండిపోతే పాయింట్లు మూసుకోవట్లేదు లేదా మూసుకున్నా మురికి అడ్డుపడుతోంది. అసలు వెలగకపోతే పాయింట్లు అతుక్కుపోయాయి, పాయింట్లకి తోడుగా ఉండే కండెన్సర్ షార్ట్ అయింది, లేదా కాయిల్ లోపలే తెగింది.

మీ బండికి పాయింట్లే ఉన్నాయో, ఎవరైనా ఎలక్ట్రానిక్ డెల్కో వేశారో క్యాప్ విప్పితే తెలుస్తుంది. పాయింట్లయితే నాలుగు నెలల చెమ్మకి వాటి ముఖాలు మసకబారి ఉంటాయి. సన్న ఎమరీ కాగితం ముక్క మడిచి మధ్యలో రెండు మూడుసార్లు లాగి, తర్వాత తెల్లకాగితంతో తుడవండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.4, 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఎలక్ట్రానిక్ రకమైతే లావు వైరుని గాలిలో వేలాడదీసి సెల్ఫ్ కొట్టకండి. దూకడానికి చోటు దొరకని కరెంటు మాడ్యూల్‌ని పాడు చేస్తుంది.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక అంబాసిడర్ వచ్చింది. ఉదయం స్టార్టవుతుంది, ఊరు దాటగానే ఆగిపోతుంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్. కాయిల్ మార్చాను, కండెన్సర్ మార్చాను, పాయింట్లు మార్చాను, పెట్రోలు పంపు కిట్ వేశాను. రెండు రోజులు పోయాయి, ఓనరు నన్ను చూసే చూపు మారింది. చివరికి డెల్కో లోపల పాయింట్లకి వెళ్లే వేలెడంత వైరు దొరికింది. పైన తొడుగు నిక్షేపంగా ఉంది, లోపల తీగ మాత్రం తెగి రెండు కొసలూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. డెల్కో ప్లేటు కదిలినప్పుడల్లా ఆ వైరు వంగి వంగి లోపల తెగిందన్నమాట. పార్టులు మార్చడం మానేసి మీటరు పట్టుకోవడం నేర్చుకున్నది ఆ రోజు నుంచే. పాయింట్ల బండి అయితే ఆ చిన్న వైరుని వేళ్లతో కాస్త లాగి చూడండి. రబ్బరులా సాగిందంటే లోపల తీగ లేదు.

నీలం స్పార్క్ గట్టిగా వస్తోందని తేలాక పెట్రోలు వైపు రండి. ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంజన్ ఆపి ఉండగానే కార్బొరేటర్ నోట్లోకి టార్చి వేసి చూస్తూ యాక్సిలరేటర్ కేబుల్‌ని చేత్తో లాగండి. సన్నటి పెట్రోలు ధార లోపలికి చిమ్మితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలుంది. చిమ్మకపోతే గిన్నె ఎండిపోయి ఉండాలి, లేదా ఆ ధార కొట్టే పంపు డయాఫ్రమ్ పోయి ఉండాలి. నాలుగు నెలల్లో గిన్నె ఎండటం మామూలే, అందులో పెట్రోలు కొన్ని వారాలకే ఆవిరైపోతుంది. అలాంటప్పుడు పెట్రోలు పంపు టాంకు నుంచి లాగి నింపేదాకా విడతలు విడతలుగా సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది. అంతసేపు కొట్టే ఓపిక మీ బ్యాటరీకి ఉందా అన్నది మళ్లీ మొదటి ప్రశ్న.

ఇక్కడ చాలామంది చేసే పని సీసాతో కార్బొరేటర్‌లో పెట్రోలు పోస్తూ, ముఖం పైన పెట్టి, ‘కొట్టరా సెల్ఫ్’ అనడం. మా షెడ్డులో ఒక కుర్రాడికి అలాగే కనుబొమలు కాలిపోయాయి. ఇంజన్ ఎదురు తన్నితే మంట పైకే వస్తుంది. చెయ్యాలనుకుంటే ఇలా చెయ్యండి. సూది తీసేసిన సిరంజితో ఒక చెంచాడు పెట్రోలు లోపలికి వదలండి. సీసా మూత పెట్టి దూరంగా తీసుకెళ్లండి. ఎయిర్ క్లీనర్ మూత బిగించండి. అప్పుడు సెల్ఫ్ కొట్టండి. రెండు మూడు సెకన్లు బుర్రుమని ఆగిపోయిందా? అయితే మీరు గెలిచినట్టే. స్పార్క్ బాగుంది, కంప్రెషన్ బాగుంది, టైమింగ్ బాగుంది, పెట్రోలు ఒక్కటే చేరట్లేదు.

ఎందుకు చేరట్లేదో తెలియాలంటే కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి మూతి వెడల్పున్న సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ఏసీ పంపు (మేం పెట్రోలు పంపుని పిలిచే పేరు, ఎయిర్ కండిషనర్‌ది కాదు) గుండె కొట్టుకున్నట్టు విడతలు విడతలుగా చిమ్మాలి. కారుతూ కారుతూ వస్తే ఫిల్టరు పూడింది లేదా పంపు డయాఫ్రమ్ చిరిగింది. అసలు రాకపోతే టాంకు వైపు రబ్బరు పైపు పగుళ్లు చూడండి. పెట్రోలు బయటికి కారకపోయినా గాలి లోపలికి పీల్చుకుంటే పంపు లాగలేదు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మీ కారు తయారైన రోజుల్లో ఆ రబ్బర్లని దీన్ని తట్టుకునేలా చెయ్యలేదు. పాత పైపులు మెత్తబడి, ఉబ్బి, లోపలి పొర రాలి ఫిల్టరుకి అడ్డం పడుతుంది. పైపులు ఎటూ మార్చేయండి, ఈ బండి మీద కళ్లు మూసుకుని డబ్బు పెట్టమని నేను చెప్పే ఒకే ఒక్క వస్తువు అది.

సీసాలో పట్టిన పెట్రోలు పారబోయకండి. పది నిమిషాలు కదపకుండా నీడలో పెట్టి చూడండి. అడుగున వేరే పొరలా కనబడితే నీళ్లు చేరాయి. ఇథనాల్ చెమ్మని పీల్చుకుంటుంది, హద్దు దాటాక నీటితో కలిసి అడుగుకి దిగిపోతుంది. సగం ఖాళీ టాంకుతో వానాకాలం గడిపిన బండిలో ఇది ఎక్కువ. వాసన కూడా చూడండి. ఘాటుగా ముక్కుకి కొట్టాల్సింది పోయి, పాత వార్నిష్ లాగా ఉంటే తేలిగ్గా అంటుకునే భాగం ఎగిరిపోయిందన్నమాట. టాంకు దించి కడిగించి, ఐదు లీటర్లు కొత్తది పోయించండి.

పెట్రోలు కార్బొరేటర్ దాకా బాగానే వస్తోంది, లోపలికి మాత్రం దిగట్లేదు అంటే అప్పుడు, అప్పుడు మాత్రమే, మీ మొదటి మెకానిక్ మాట వినాలి. అప్పుడు కూడా కార్బొరేటర్ మార్చక్కర్లేదు. ఫ్లోట్ దగ్గరి సూది అతుక్కుంటుంది, జెట్లు జిగురుతో పూడుతాయి. విప్పి, కార్బొరేటర్ క్లీనర్‌తో కడిగి, గాలి కొట్టి, కొత్త గాస్కెట్ కిట్ వేస్తే సరిపోతుంది. జెట్ల రంధ్రాల్లో గుండుసూది గానీ ఇనుప తీగ గానీ దూర్చనివ్వకండి. చోక్ మీద స్టార్టయి, చోక్ నెట్టగానే ఆగిపోతుంటే పక్కన వైరున్న చిన్న సొలినాయిడ్ చూడండి. తాళం ఆన్ చేసినప్పుడు అది ‘టిక్’మనాలి. దాని వైరు ఊడితే ఐడిలింగ్ ఉండదు, దానికి కార్బొరేటర్ మొత్తం మార్పించుకున్న వాళ్లున్నారు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా అందుకోకపోతే వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టం చూడండి. కందిరీగలు మట్టిగూడు పెట్టిన బళ్లు, పిల్లలు కొబ్బరి పీచు కుక్కిన బళ్లు రెండూ నా దగ్గరికి వచ్చాయి. పొగ బయటికి పోయే దారి లేకపోతే కొత్త గాలి లోపలికి రాదు.

2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ బండి (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లు ఉండే రకం) ఉన్నవాళ్లు నేను చెప్పిన కార్బొరేటర్ భాగం వదిలేయండి. మీకు తాళం ఆన్ చేయగానే వెనక టాంకులో పంపు రెండు సెకన్లు గుయ్యిమనాలి. అది వినబడకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడండి.

మీ విషయంలో నా అంచనా అడిగితే: బ్యాటరీ సగానికి దిగి ఉంటుంది, క్యాప్‌లో చెమ్మ ఉంటుంది, గిన్నె ఎండి ఉంటుంది. బ్యాటరీ ఛార్జింగ్, పొడిబట్ట, పైపులు, ఫిల్టరు, ఐదు లీటర్ల పెట్రోలు. అంచనా అంచనాయే, మీటరు వేరే చెబితే మీటరు మాటే వినండి. స్టార్టయ్యాక సంబరపడి వెంటనే ఆపకండి. రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఉంచండి, ఆలోగా మళ్లీ మీటరు బ్యాటరీ మీద పెట్టండి. ఇంజన్ కాస్త రేజ్ చేస్తే 14 వోల్టుల దగ్గర చూపించాలి. 12.5 దగ్గరే ఆగిపోతే ఆల్టర్నేటర్ ఛార్జ్ చెయ్యట్లేదు. ముందు బెల్టు వదులుగా ఉందేమో బొటనవేలితో నొక్కి చూడండి.